ఒక్క చుక్క

అడ్డం ముప్పై రెండు గడులు, నిలువు ముప్పై రెండు గడులు. బొమ్మ వేయడానికి నాకు ఇచ్చిన చోటు అంతే. చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. అంత చోటులో తప్పు చేసి, ఒక మనిషి కుడిచేతి నాలుగు వేళ్లు పోగొట్టి, పైగా ఆయన్ని తాగుబోతని అందరిచేతా అనిపించిన ఘనత నాది. వేళ్లు ఎట్లాగూ తిరిగి రావు. తాగుబోతన్న పేరైనా పోతుందా లేదా అన్నదే మిగిలింది.

నా పేరు షెరిన్. మాది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో కోరమండల్. గనులు మూసేసి ఎనిమిదేళ్లయింది అప్పటికి. రోజూ ఉదయం రైలుబండెక్కి మాలూరులో మోహన్‌కుమార్ షాపుకు పనికి పోయేదాన్ని. ఫ్యాక్టరీ మిషన్లకు ఉండే చిన్న చిన్న స్క్రీన్లు చెడిపోతే బాగుచేసి ఇవ్వడం మా పని. స్క్రీన్ విప్పి వైర్లు చూసేది ఆయన. స్క్రీన్ మీద కనబడాల్సిన బొమ్మలు తయారు చేసేది నేను. ఎండ తగలని పని, ఫ్యాను కింద కుర్చీ. మా నాన్న మైఖేల్ ముప్పై ఏళ్లు గనిలో దుమ్ము పీల్చినవాడు. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంటుందని వీధిలో చెప్పుకొని మురిసేవాడు.

ఇండస్ట్రియల్ ఏరియాలో పెయింటు డబ్బాలకు మూతలు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. అక్కడి పాత ప్రెస్సుకు స్క్రీన్ కాలిపోయింది. ప్రెస్సంటే పైనుంచి ఒక ఇనుప దిమ్మె దిగి రేకును అచ్చులోకి నొక్కుతుంది, మూత తయారవుతుంది. దాన్ని చేసిన కంపెనీయే మూతబడింది కాబట్టి కొత్త స్క్రీన్ దొరకదు. మోహన్‌కుమార్ ఎక్కడో బెంగళూరు పాతసామాన్ల గుజిరీలో అలాంటి పాతదాన్నే పట్టుకొచ్చాడు. దానికి బొమ్మలు ఎక్కించాలి. ఫ్యాక్టరీవాళ్లు ఫైళ్లు పంపారు. కంప్యూటర్ తెర మీద మనం నొక్కుతామే, అలాంటి ఐకాన్లు. మూడు గుండ్రాలు. ఎరుపు అంటే దిమ్మె మధ్యలో నిలిచింది, లోపల ప్రెషర్ ఉంది, చెయ్యి పెట్టొద్దు. పసుపు అంటే దిగుతోంది. ఆకుపచ్చ అంటే పూర్తిగా పైకి పోయి లాకు పడింది, చెయ్యి పెట్టొచ్చు. అక్షరాలు వాడరు. ఆ ఫ్యాక్టరీలో తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు, బీహారువాళ్లు అందరూ ఉన్నారు. ఎవరి లిపి పెట్టినా మిగతావాళ్లకు గోడ మీద గీతలే.

ఆ స్క్రీన్‌కు ఐకాన్ ఫైళ్లు తెలియవు. దానికి తెలిసింది పి.సి.ఎక్స్. అనే కాలం చెల్లిన రకం ఒక్కటే, అందులోనూ రెండే రంగులు, నలుపు, తెలుపు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఐకాన్‌లో గుండ్రం చుట్టూ ఉండే ఖాళీకి రంగు ఉండదు. పి.సి.ఎక్స్.కి ఖాళీ అంటే ఏమిటో తెలియదు. ఖాళీ కనిపిస్తే నల్లగా నింపేస్తుంది. మొదటిసారి మార్చి చూస్తే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మూడూ మూడు నల్ల చతురస్రాలై కూర్చున్నాయి. చుట్టూ ఉన్న నలుపును గడి గడీ తెల్లగా చేసుకుంటూ వచ్చాను. అప్పుడు మూడు నల్ల గుండ్రాలు తేలాయి. మూడూ ఒకటే. దేన్ని చూసి దేన్ని గుర్తుపట్టాలి?

మోహన్‌కుమార్‌ను పిలిచి చూపించాను.

"రంగు రాదు కదా షెరిన్. యాదో ఒక గుర్తు పెట్టేయమ్మా. మిషన్ నిలబడి నాలుగు దినాలయింది, పొద్దున్నుంచి ఫోను మీద ఫోను చేస్తా ఉండారు" అన్నాడు.

ఏదో ఒక గుర్తు అంటే నాకు గంటలు గుర్తొచ్చాయి. మా నాన్న చాంపియన్ రీఫ్ గనిలో, లోపలికి దిగే షాఫ్ట్ దగ్గర గంట కొట్టేవాడు. మనుషులను దించే కేజ్‌ను నడిపేవాడు ఎక్కడో దూరంగా ఇంజన్ గదిలో ఉంటాడు. అతనికి ఏమీ కనబడదు. గంట లెక్కే వాళ్ల భాష. నా చిన్నప్పుడు మా నాన్న పళ్లెం మీద చెంచాతో అదే ఆట ఆడించేవాడు. ఒకటి కొడితే ఆగాలి. రెండు కొడితే మంచం దిగాలి. మూడు అంటే మనుషులు ఎక్కుతున్నారు, జాగ్రత్త.

ఇంకేం కావాలి? ఒక చుక్క అంటే నిలిచింది. రెండు చుక్కలంటే దిగుతోంది. మూడంటే మనుషుల వంతు, చెయ్యి పెట్టొచ్చు. అరగంటలో మూడు ఫైళ్లూ పూర్తిచేసి, ఫ్లాపీలో వేసి, ఏ చుక్కకు ఏ అర్థమో ఫ్యాక్టరీవాళ్లకు చీటీ రాసి ఇచ్చాను. నన్ను మించిన తెలివిగల పిల్ల ఈ జిల్లాలో లేదనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఇప్పుడు దాచి ఏం లాభం.

ఆ ప్రెస్సు మీద పగటి షిఫ్టు చేసేది ప్రేమరాజు మామ. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. ఇరవై రెండేళ్లు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి, గని మూసేసినాక మాలూరులో కుదిరాడు. మా గని కార్మికుల లైన్లలో గనితో పాటు చాలామంది మగవాళ్లూ మూతబడ్డారు. పొద్దున లేచింది మొదలు మందు కొట్టు దగ్గరే. ప్రేమరాజు మామ అందుకు విరుద్ధం. గనిలో ఉన్నన్నాళ్లు తాగినవాడు, మూసేసిన ఏడాదే చర్చిలో అందరి ముందూ నిలబడి మానేస్తానని ఒట్టు పెట్టాడు, మానేశాడు. ఆయన భార్య ఇసబెల్లా అత్తకు బంగారం లేదు, సొంత ఇల్లు లేదు. మా ఆయన ముట్టడు అని చెప్పుకోవడం ఒక్కటే ఆమెకున్న ఆస్తి.

మర్నాడు బండిలో మామ కనబడితే పక్కన కూర్చొని చెప్పాను.

"మామా, నీ మిషన్లో మన గంటలే పెట్టినాను."

"గంటలా? యాడ పెట్టినావమ్మా?"

"గంటలంటే గంటలు కాదు, స్క్రీన్ మీద చుక్కలు. ఒకటి, రెండు, మూడు."

ఆయన నవ్వాడు. టేకల్ దాటిందాకా నవ్వుతూనే ఉన్నాడు. "అయితే ఇంగ నాకెవురూ నేర్పించే పని లేదు. శానా మంచి పని చేసినావు షెరినమ్మా" అన్నాడు.

ఏ చుక్కకు ఏ అర్థమో ఆయనకు నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆయనకు నేనా చెప్పేది అనుకున్నాను. నాకు తెలియంది ఏముంది అని ఆయన అనుకున్నాడు.

మూడు వారాలు ఏమీ కాలేదు. నాలుగో వారం ఒక మధ్యాహ్నం రేకు అడ్డం పడి దిమ్మె మధ్యలో నిలిచిపోయింది. నిలిచినాక స్క్రీన్ మీద ఒక చుక్క పడింది. ప్రేమరాజు మామ అది చూసి, అడ్డంపడ్డ రేకును లాగడానికి చెయ్యి లోపల పెట్టాడు. దిమ్మె దిగింది. అలాంటి ప్రెస్సుకు ముందు ఒక జాలీ తలుపు ఉంటుంది, అది మూస్తేనే మిషన్ కదలాలి. పని నిదానమవుతోందని ఆ తలుపును ఎప్పుడో పీకి పక్కన పడేశారు.

నేను కోలారు ఆసుపత్రికి పోయేసరికి మూడు రోజులైంది. అప్పటికే ఫ్యాక్టరీ రిపోర్టు తయారు. సూపర్‌వైజర్ నంజుండప్ప ఆ రోజు ఆటోలో మామను తీసుకొస్తూ ఏమైందని అడిగాడట. రక్తం కారుతున్న చేతిని తువ్వాలులో చుట్టుకొని మామ చెప్పిన మాట ఇది: "ఒక చుక్కే సార్. ఒక్క చుక్కే కదా అని చెయ్యి పెట్టినాను." నంజుండప్ప దాన్ని ఉన్నదున్నట్టు రాసుకొని, కింద తన ముక్క ఒకటి కలిపాడు. పనికి వచ్చే ముందు ఒక చుక్క వేసుకున్నట్టు కార్మికుడే ఒప్పుకున్నాడు అని.

చుక్క అంటే మా దగ్గర అదే మరి. ఒక చుక్క వేసినావా అంటే ఎవరూ ముగ్గు సంగతి అనుకోరు. ఆ మాట ఆసుపత్రి నుంచి కోరమండల్‌కు నాకంటే ముందే వచ్చింది.

మామ మంచం మీద గోడకేసి చూస్తూ ఉన్నాడు. పక్కన స్టూలు మీద ఇసబెల్లా అత్త. ఇద్దరి మధ్యా మాటల్లేవు. నేను కూర్చున్నాక ఆయన అన్నాడు: "నిలబడినాక ఒకటి పడింది షెరినమ్మా. పైకి అన్నది. పైకి పోయేదానికి భయమేముండాది అని చెయ్యి పెట్టినా. ఎట్ల దిగింది అది?"

నాకు అర్థం కాలేదు. పైకి అన్నది ఏమిటి? ఒకటంటే ఆగమని కదా. మత్తు మందుల్లో మాట్లాడుతున్నాడనుకొని ఇంటికొచ్చాను. మా నాన్న దగ్గుతూ గడప దగ్గర కూర్చొని ఉన్నాడు. మామ అన్న మాట చెప్పాను.

"కరెక్టే కదమ్మా" అన్నాడు నాన్న. "కేజ్ కదలతా ఉన్నప్పుడు ఒకటి కొడితే ఆపు. నిలబడి ఉన్నప్పుడు ఒకటి కొడితే పైకి లాగు. ఒకటే గంట, రెండు పనులు. ప్రేమరాజుకి అది నెత్తుట్లో ఉండాది."

"నువ్వు నాకు ఒకటంటే ఆపు అని కదా నేర్పినావు నాయినా? పైకి అని ఎప్పుడూ చెప్పలేదే."

నాన్న కాసేపు దగ్గాడు. "నువ్వు ఎప్పుడు చూసినా పరిగెత్తతానే ఉంటివి కదమ్మా. నిలబడింది యాడ? ఆ ఇంగొకటి నేర్పించే అవసరమే రాలేదు" అన్నాడు.

నాన్న పక్కనే గడప మీద కూర్చున్నాను. నేను నేర్చుకున్నది సగం భాష. ఆ సగాన్ని, మొత్తం వచ్చినవాడి ముందు పెట్టాను. రాని వాడైతే చుక్క అంటే ఏమిటని అడిగి తెలుసుకునేవాడు. రాత్రి షిఫ్టు చేసే బీహారు పిల్లలు అట్లాగే నంజుండప్పను అడిగి తెలుసుకున్నారు, వాళ్ల వేళ్లు పదీ ఉన్నాయి. తెలిసినవాడు కాబట్టే ప్రేమరాజు మామ అడగలేదు.

మర్నాడు షాపు తెరవగానే మోహన్‌కుమార్‌కు అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. "ముందు ఆ బొమ్మ మార్చు. ఇంగొకడి చెయ్యి పోకూడదు" అన్నాడు. అది న్యాయమే. ఒక చుక్క తీసేసి ఆ చోట పెద్ద ఇంటు గుర్తు పెట్టాను. ఈ మూల నుంచి ఆ మూలకు రెండు ఏటవాలు గీతలు, గుడ్డివాడికి కూడా కనబడేంత. ఫ్యాక్టరీకి పోయి ఎక్కించి వచ్చాను. వచ్చాక ఆయన నెమ్మదిగా అన్నాడు: "పాత ఫైలు తీసేసెయ్. ఎవురైనా అడిగితే మొదట్నుంచీ ఇదే ఉండాది అని చెప్పు. షాపు మూతపడితే నేనూ నువ్వూ రోడ్డు మీదే."

ఫైలు తీసేశాను. నా వేలితోనే తీసేశాను. నాకు పదీ ఉన్నాయి కదా.

నెల తర్వాత విచారణకు కార్మిక శాఖ ఆఫీసరు వచ్చాడు. ప్రెస్సు దగ్గరే నిలబడ్డాం అందరం, చుక్కలు చూసిన రాత్రి షిఫ్టు పిల్లలను మాత్రం ఎవరూ పిలవలేదు. ప్రేమరాజు మామ తెల్లచొక్కా వేసుకొచ్చాడు, కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. ఆఫీసరు అడిగినదానికి ఆయన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "నేను తాగలేదు సార్. నేను చెప్పిన చుక్క ఆ చుక్క కాదు. స్క్రీన్ మీద ఒక చుక్క ఉండింది. దాన్ని చూసి పైకి పోతుందనుకొని చెయ్యి పెట్టినాను."

వెనక ఎవడో నవ్వాడు. నంజుండప్ప, చుక్కల సంగతే తెలియనట్టు, మిషన్ వేసి, మధ్యలో ఆపి చూపించాడు. స్క్రీన్ మీద నా ఇంటు గుర్తు నిలబడింది. "చుక్క ఎక్కడుంది?" అన్నాడు ఆఫీసరు. మామ ముందుకు వంగి చూశాడు. ఎడమచేత్తో అద్దాన్ని తుడిచి మళ్లీ చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ బొమ్మలు ఎవరు చేశారు?" అన్నాడు ఆఫీసరు.

"ఈ అమ్మాయే సార్" అన్నాడు మోహన్‌కుమార్.

"మొదటినుంచీ ఇలాగే ఉందా?"

"ఇట్లే ఉండాది సార్" అన్నాను.

ఎందుకు అట్లా చెప్పావని అడిగితే నా దగ్గర గొప్ప కారణం ఏదీ లేదు. భయం. ఉద్యోగం పోతుందని భయం, పోలీసులంటే భయం, మా నాన్న మందులకు ఏం చేయాలని భయం. వాటన్నిటికంటే, అంతమంది మధ్యలో నేను తెలివితక్కువదాన్నని తేలిపోతుందన్న భయం. అది చెప్పడానికే ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది. ఆఫీసరు రాసుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం బండిలో మామ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు, బెదురు ఉంది.

"అమ్మా, ఒక మాట అడుగుతా. వాళ్లకి చెప్పాల్సిన పని లేదు, నాకు చెప్పితే చాలు. ఆ పొద్దు ఒక చుక్క ఉండిందా, లేదా? అందరూ లేదంటే నా మతి పోయిందేమో అని భయంగా ఉండాది. మత్తు లేకపోయినా లేనిది కనబడిందంటే, ఇంగ నన్ను నేనే ఎట్ల నమ్మేది?"

ఇంత చేసి ఆయన బుద్ధి మీద కూడా ఆయనకే అనుమానం తెప్పించాను. ఇంక నా వల్ల కాలేదు.

"ఉండింది మామా. ఒక చుక్కే. నువ్వు చూసింది నిజం. తర్వాత నేనే మార్చినాను. ఈ పొద్దు నేను చెప్పింది అబద్ధం."

ఆయన కళ్లు మూసుకున్నాడు. బంగారుపేటలో జనం దిగి, ఎక్కి, బండి మళ్లీ కదిలిందాకా తెరవలేదు. తెరిచాక తిడతాడని కాచుకొని ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాతో ఇంటికి రా. ఇసబెల్లాకి చెప్పు" అన్నాడు.

మేం పోయేసరికి అత్త సంగటి ముద్ద చేసి పెట్టి ఉంది. నన్ను చూసి పలకరించలేదు. మామ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆమె పళ్లెం తెచ్చి, ముద్ద తుంచి, పులుసులో ముంచి ఆయన నోట్లో పెట్టింది. ఆయన మింగాడు. ఇంకో ముద్ద. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. నెల రోజులుగా ఆ ఇంట్లో ఇట్లాగే అన్నం తింటున్నారని నాకు అప్పుడు తెలిసింది. ఒట్టు తప్పాడనుకున్నా అత్త ఆయన్ని పస్తు పెట్టదు, మాట మాత్రం కలపదు.

నేను నిలబడే చెప్పాను. గుండ్రాలు, రంగులు, గంటలు, మా నాన్న నేర్పిన సగం, నేను తుడిచేసిన ఫైలు, పొద్దున ఆడిన అబద్ధం. అత్త చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

"అయితే ఆయన తాగలేదు" అంది.

"లేదత్తా."

"ఈ మాట ఆఫీసర్ ముందర ఎందుకు చెప్పలేదు?"

"భయపడినాను."

"ఆయన వేళ్లు పోగొట్టుకొని కూడా అంతమంది ముందర నిలబడి చెప్పినాడు కదా. ఆయనకి భయం లేదా?"

అత్త మామ వైపు తిరిగింది. నెల తర్వాత మొదటిసారి ఆయన ముఖం చూసింది. చెంగుతో ఆయన మూతి తుడిచింది. ఆయన ఏడ్చాడు. పెద్దవాళ్లు అట్లా ఏడవడం నేను గని మూసిన రోజు చూశాను, మళ్లీ ఇప్పుడే.

అత్త లేచి చెయ్యి కడుక్కొని, పెట్టెలోంచి గీతల కాగితాలు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"రాయి. తెలుగులోనే రాయి, మాకు అర్థం కావాల. ఆఫీసర్‌కి ఇచ్చేదానికి కన్నడంలో మళ్లా పాస్టరయ్యతో రాయించుకుంటాం. కింద నీ పేరు, మీ నాయిన పేరు, మీ ఇంటి నంబరు, అన్నీ పెట్టు."

కూర్చొని రాశాను. ఐకాన్ ఫైలు అంటే ఏమిటో రాశాను. ఆ స్క్రీన్ మీద రంగులు ఎందుకు రావో, ఖాళీ ఎందుకు నల్లబడుతుందో రాశాను. ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు ఎందుకు పెట్టానో, ఒక చుక్కకు గనిలో రెండు అర్థాలున్నాయని నాకెందుకు తెలియలేదో రాశాను. నా తప్పు ఎంత పెద్దదో రాశాను. రాసేకొద్దీ గుండెలో బరువు కాస్త దిగుతున్నట్టు అనిపించింది. రెండు పేజీలు నిండాయి. సంతకం పెట్టి, వాళ్లిద్దరికీ మొదటినుంచీ చదివి వినిపించాను. చదువుతుంటే నాకే కళ్లు తడిశాయి.

ప్రేమరాజు మామ ఆఖరుదాకా కదలకుండా విన్నాడు.

"చుక్క చుక్క అని శానా చోట్ల రాసినావు" అన్నాడు. "నేను తాగలేదని యాడ రాసినావమ్మా?"

రెండు పేజీలూ తిరగేసి చూశాను. ఎక్కడా లేదు.

వాటిని చించేసి, మళ్లీ మొదలుపెట్టడానికి కొత్త కాగితం తీసుకొని, అన్నిటికంటే పైన ఆ ఒక్క మాట రాశాను.